మెడలో తాళంచెవి

ఆ కోటలో తాళంచెవులన్నీ ఒకే మనిషి మొలతాడుకి వేలాడేవి. కనీసం ఆ మనిషి అలాగే అనుకునేవాడు.

నేను రెండు రోజులుగా మా బీరువా తాళంచెవి వెతుక్కుంటూ ఈ కథ చెబుతున్నాను. తాళాల సంగతిలో నా మాటకి ఎంత విలువివ్వాలో మీరే చూసుకోండి.

కోటలో తాళాల పద్ధతి వేరు. ప్రతి తలుపుకీ లోపలివైపు ఒక మైనపు పలక ఉండేది. ఏ తాళంచెవి గుర్తు ఆ మైనం మీద పడిందో దానికి తలుపు తెరుచుకునేది. ఎవరిది, ఎందుకు అని అడగదు. గుర్తుంటే చాలు. ఒకసారి పడిన గుర్తు ఎవరైనా గీకేదాకా పోదు. వేసిన మనిషి పోయినా పోదు.

తాళంచెవుల అధికారి తన తాళంచెవులకు నూనె రాసేవాడు, ఇత్తడి బిళ్ళలు కట్టేవాడు, రుతువు మారగానే పాతవి కరిగించి కొత్తవి చేయించేవాడు. పొద్దుగూకాక గుత్తిని తాళాలగదిలో కొక్కేనికి తగిలించి, ఆ గది తాళంచెవిని మెడలో వేసుకుని ఇంటికెళ్ళేవాడు. పగలు నడిస్తే నడుము గలగలమనేది. ఆ చప్పుడు లేని రోజు అతనికి అన్నం సయించేది కాదు.

ఒక ఉదయం అతను వచ్చేసరికి నూనెకొట్టు తలుపు తెరిచి ఉంది. లోపల దీపాలు పెట్టే ముసలావిడ కుండలోంచి ఆముదం వంచుకుంటోంది.

"తలుపెవరు తీశారు?"

"నేనే బాబూ."

"దేంతో?"

ఆవిడ కొంగుముడి విప్పి ఒక వంకర ఇనపముక్క చూపించింది. తుప్పు పట్టి ఉంది. బిళ్ళ లేదు.

"ఇది నా గుత్తిలోది కాదే."

"మీ గుత్తిలోదైతే నా కొంగులో ఎందుకుంటుంది? మా అత్తది. గుర్తు కూడా ఆవిడే వేసింది. మీ గుత్తి గలగలమంటూ వచ్చేదాకా కూర్చుంటే నా వత్తులు తడిసేదెప్పుడు?"

ఆవిడ తలుపు వేసి వెళ్ళిపోయింది. అధికారి తన తాళంచెవి పెట్టి తిప్పాడు. తలుపు కిర్రుమని మూలుగుతూ తెరుచుకుంది. ఆవిడని పిలిచి, ఆ వంకర ముక్క అడిగి పుచ్చుకుని దానితో తిప్పి చూశాడు. చప్పుడే లేదు.

"నీకు నూనె రాసింది నేను," అన్నాడు తలుపుతో.

"అవునండీ," అంది తలుపు.

"మరి ఈ తుప్పుముక్కకి ఇంత మెత్తగా జరుగుతావేం?"

"మీరొచ్చేది నేను మూసి ఉన్నానో లేదో చూడ్డానికండీ. ఆవిడొచ్చేది లోపలికి రావడానికి."

ఇనపముక్క ఆవిడ చేతిలో పడేసి ఇంటికెళ్ళాడు గాని, అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. ఏ తలుపు ఎవరికి తెరుచుకుంటోందో అని ఒకటే ఆరా. "పెళ్ళయినప్పట్నుంచీ నన్నొక్కసారైనా ఇలా అనుమానించి ఉంటే ఎంత మురిసిపోయేదాన్నో," అంది భార్య, మజ్జిగ పోస్తూ.

సంగతి రాజు చెవిన పడింది.

"నీ గుత్తిలో లేని తాళంచెవులు కోటలో ఎన్ని?" అన్నాడు రాజు.

అధికారి తన గుత్తిలోవి లెక్కపెట్టబోయాడు.

"రేపు పొద్దుగూకేసరికి ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే ఆ గుత్తి ఇంకో నడుముకి పోతుంది."

ఆ మాట విన్నప్పటినుంచీ అధికారి కళ్ళు మనుషుల మొహాల మీద నిలవలేదు. ఎవరు ఎదురొచ్చినా ముందు నడుము చూసేవాడు.

కొలువు కిటికీలో ఒక గోరింక ఉండేది. తలుపులన్నింటినీ అడిగి రావడం దాని పని. అడిగిందే చెబుతుంది, అడగనిది చెప్పదు. అధికారి రోజూ పొద్దున్నే, "నా తాళంచెవులు క్షేమమేనా?" అని అడిగేవాడు. "క్షేమం," అనేది. ఈసారి గొంతు సవరించుకుని, "నావి కానివి ఎవరెవరి దగ్గరున్నాయి?" అన్నాడు.

గోరింక ఎగిరి వెళ్ళి, చాలాసేపటికి వచ్చింది.

"ఏనుగుసాలది పోయిన మావటివాడిది. అల్లుడు దిష్టికని ఉయ్యాలకి కట్టాడు. పూలతోటది వంటవాడిది. నూనెకొట్టుది దీపాలావిడది. దిడ్డివాకిలిది, పారిపోయి శత్రురాజు కొలువులో చేరిన సైనికుడిది. ఇంకా ఉన్నాయి, చెప్పమన్నారా?"

వంటవాడికి పూలతోటలో పనేమిటని అధికారి అడగబోయి, రాణిగారి చెలికత్తె మొహం గుర్తొచ్చి మానుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"ఇన్నాళ్ళూ మీరు మీవాటి గురించే అడిగారు."

చిత్రమేమిటంటే, శత్రువు చేతిలో ఉన్న తాళంచెవి మాట విన్నప్పుడు అతని గుండె అంతగా మండలేదు. ఆ వంకర ఇనపముక్క తలుచుకుంటేనే మండింది.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగాడు. సైనికుడి గుర్తు మైనం మీంచి గీకేశాడు. మిగతా తాళంచెవులన్నీ పోగుచేశాడు. కరిగించాలనిపించలేదు, తనవి చేసుకోవాలనిపించింది. అన్నీ గుత్తికే ఎక్కించాడు. ఆ బరువుకి పంచె జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని నడిచాడు.

దీపాలావిడ పేచీ పెట్టలేదు. "తీసుకోండి బాబూ. మరి సాయంత్రం నూనెకో?"

"నన్నడుగు."

"అడుగుతాలెండి. మీ దగ్గరుంటే ఇద్దురుగాని."

పొద్దుగూకే వేళకి రాజు తాళాలగది ముందుకొచ్చాడు. గోరింక ఆయన భుజం మీదుంది.

"గుత్తిలో లేని తాళంచెవి ఇంకేదైనా ఉందా?" అన్నాడు రాజు.

గోరింక ఓ చుట్టు తిరిగి వచ్చింది. "ఒకటుంది."

"ఆ ముసలిదాని దగ్గరేనా? ఇంకోటి దాచిందా?" అన్నాడు అధికారి, రాజుగారు ఉన్నారన్నది కూడా మరిచి.

"మీ మెడలో," అంది గోరింక.

రాజు అధికారి మెడ వైపు చూశాడు.

"ప్రభూ, ఇది ఈ గదిదే. గుత్తి లోపలుంటుంది గనక ఇది బయట..."

"గుత్తిలో ఉందా?"

"లేదు ప్రభూ."

రాజు తన పక్కన నిలబడ్డ భటుడి నడుము వైపు చూశాడు. అధికారి గబగబా మెడలోంచి తాడు తీసి, తాళంచెవి గుత్తికి ఎక్కించాడు. రాజు తలూపి వెళ్ళిపోయాడు.

అధికారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. కోటలో ఇప్పుడు అతనిది కాని తాళంచెవి లేదు. రోజూలాగే గుత్తిని లోపల కొక్కేనికి తగిలించాడు. బిళ్ళలున్నవీ, లేనివీ, వంకరదీ అన్నీ కలిసి ఊగుతుంటే కాసేపు చూసుకున్నాడు. బయటికొచ్చి తలుపు లాగాడు. టక్కుమని తాళం దానంతటదే పడింది.

అలవాటుగా చెయ్యి మెడ మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

అంతలో దీపాలావిడ ఖాళీ కుండతో వచ్చింది. "నూనె బాబూ."

ఆవిడ తలుపు చూసింది, అతని మెడ చూసింది, కుండ కింద పెట్టి అరుగు మీద కూర్చుంది.

"నా వంకరదీ లోపలేనా?"

"లోపలే."

"పోనీలెండి. ఒంటరిది, దానికీ తోడు దొరికింది."

బురుజుల మీద ఒక్క దీపమూ వెలగలేదు. వంటసాల ముందు, ఏనుగుసాల ముందు, దిడ్డివాకిలి దగ్గర జనం నిలబడి ఎదురుచూస్తున్నారు. అధికారి తాళాలగది తలుపు మీద వేళ్ళతో కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక తలుపు కొట్టడం అదే మొదలు.

"ఎవరండీ?" అంది తలుపు.

"నేనే."

"చూసుకోండి," అంది తలుపు. "మూసే ఉన్నాను."