పైడితల్లి పట్టు, చంటిదాని సూదిమందు

అనగా అనగా బంగారూ, ఉప్పుమడుల పక్కన ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో పైడితల్లి అని ఒకమ్మాయి. మంచిదే గానీ మహా మొండిది. పెళ్ళయిన ఆరేళ్ళకి ఆమెకొక ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత పిల్ల.

పుట్టిన మర్నాడే ఆసుపత్రిలో టీకా వేశారు. పిల్లని తీసుకెళ్ళి చల్లటి బల్ల మీద పడుకోబెట్టారు. పైడితల్లిని గుమ్మం బయటే ఉండమన్నారు. సూది గుచ్చగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. మొహమంతా కందిపోయింది. బయట తల్లి గుమ్మం పట్టుకుని ఆ ఏడుపు వింటూ నిలబడింది.

ఆ తర్వాత నెలన్నరకి మళ్ళీ సూదులు. "నా ఒళ్ళో ఉంచుకుంటానమ్మా" అని అడిగింది పైడితల్లి. నర్సమ్మ రత్నకుమారి చెడ్డదేం కాదు. కానీ ఆవేళ బయట నలభై మంది తల్లులు. "కదిలితే కష్టం, బల్ల మీద పెట్టమ్మా" అంది. పెట్టింది. పాప మళ్ళీ గుక్కపట్టింది. పొద్దుగూకేదాకా ఉలిక్కిపడుతూనే ఉంది.

అప్పుడు అత్త అప్పలనరసమ్మ కోప్పడింది. "ఇంక చాలు, పసిగుడ్డుని ఎన్నిసార్లు పొడిపిస్తావే? మా కాలంలో ఇయన్నీ ఉన్నాయేటి?"

"మీ కాలంలోనే కదత్తా, మీ పెద్దోడు కోరింత దగ్గుతో పోయాడు? ఈ సూది ఆ దగ్గు రాకుండానే."

అత్త మొహం పక్కకి తిప్పుకుంది. పైడితల్లికి జాలేసింది. అయినా గట్టిగానే చెప్పింది. "సూది మాన్పించను. అలాగని దాని ఏడుపు చూస్తూ ఊరుకోను."

ఊరుకోలేదు కూడా. ఒకనాడు పాప పాలు తాగుతుంటే కాలి మీద చీమ కుట్టింది. పాప ఒక్కసారి మూలిగింది, మళ్ళీ చప్పరించుకుంటూ తాగేసింది. అది చూసింది పైడితల్లి. 'ఓహో!' అనుకుంది.

మూడోసారి సూది రోజు వచ్చింది. అందరికంటే ముందే వెళ్ళి వరసలో మొదట నిలబడింది. వెనకాలే అత్త కూడా వచ్చింది.

"ముందు నోట్లో చుక్కల మందు వెయ్యండి. ఆ తర్వాత నేను పాలిస్తాను. పాప బాగా తాగుతున్నప్పుడు సూది వెయ్యండి" అంది పైడితల్లి.

"పొలమారితేనో?" అంది నర్సమ్మ.

"తల పైకెత్తి పట్టుకుంటాను. కాలు కదలనివ్వను. కుదరకపోతే నేనే బల్ల మీద పెడతాను. ఒక్కసారి చూడండమ్మా."

నర్సమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, కుర్చీ జరిపింది.

పైడితల్లి పాపని ఒంటికి హత్తుకుంది. ఒక గుటక, రెండు గుటకలు, మూడు గుటకలు. అప్పుడు సూది దిగింది. పాప కనుబొమలు ముడిచి, 'క్యార్' మని ఒక్క అరుపు అరిచింది. అంతే! మళ్ళీ రొమ్ము అందుకుంది.

అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పైడితల్లి మాత్రం ఏడవలేదు. పాపకి కడుపు నిండేదాకా కదలకుండా కూర్చుంది.

నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి కేకేసింది. "తర్వాత ఎవరమ్మా? లోపలికొచ్చి కూర్చుని పాలు పట్టించు. నేను ఆగుతాలే."

కథేమో కంచి దారి పట్టింది,
నిద్దరేమో నీ కంటి దారి పట్టింది.