గడ్డి వంగితే నిజమే

పానకాలు ఇంట్లో ముగ్గురు. తను, పెళ్ళాం నాంచారమ్మ, తమ్ముడు కోటిలింగం. తమకున్న తెలివి ఊరందరికీ పంచినా ఇంకా అటక నిండా మిగులుతుందని ముగ్గురికీ గట్టి నమ్మకం.

"మనల్ని బురిడీ కొట్టించేవాడు ఇంకా పుట్టలేదర్రా," అనేవాడు పానకాలు. "కదిపితే కదలాలి, పలకరిస్తే తగిన బదులియ్యాలి. అది నిజం. లేకపోతే బొమ్మ!"

ఆ ఏడు మిరప బాగా పండింది. ఊరికే పండిందా! ఏడాది పొడుగునా నీళ్ళు పెట్టి, మందు కొట్టి, చేతులు భగభగ మండుతుంటే కోసుకొచ్చిన కాయ. ఇంటి ముందు కల్లంలో ఎర్రగా పరుచుకుని ఉంది. ఇంకొక్క ఎండ తగిలితే గోతాలకు ఎత్తడమే. తడిసిందా, బూజు పట్టి ఏడాది కష్టం పెంటకుప్ప పాలు.

సరిగ్గా అప్పుడే నాంచారమ్మ తమ్ముడు వచ్చి, తన వీడియో గేమ్ పెట్టె వాళ్ళ టీవీకి తగిలించి, మీటలు నొక్కడం నేర్పి, ఊరెళ్ళొస్తానని పోయాడు.

ఆ ఆటలో ఓ పెద్ద దేశం. కొండలు, వాగులు, గుర్రమెక్కిన మనిషి. ఎటు తిప్పితే అటు పోతాడు. గుర్రం కాలు పెడితే గడ్డి వంగుతుంది, కాలు తీస్తే లేస్తుంది.

"గడ్డి వంగిందిరా!" అన్నాడు పానకాలు.

కోటిలింగం మీట నొక్కాడు. గుర్రం వాగులో మూతి పెట్టి నీళ్ళు తాగింది.

"అయ్యో, ఎప్పటినుంచి దాహంతో ఉందో!" అంది నాంచారమ్మ. అంతే! ఉలవలు ఉడకబెట్టి టీవీ ముందు పెట్టింది.

గుర్రం ఉలవలు ముట్టలేదు. "కొత్తచోటు కదా, బెదురు," అన్నాడు పానకాలు.

దారిలో ఓ ముసలమ్మ కనిపించింది. మీట నొక్కితే "గాలి మారింది నాయనా" అంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. కోటిలింగం గొంతు చించుకుని "ఏ ఊరవ్వా?" అని అరిచినా అదే.

"ఇది మాత్రం బొమ్మే," అని తేల్చేశాడు పానకాలు. "ఒకే మాట తిప్పి తిప్పి అంటోంది. మనం మోసపోతామా!"

అప్పుడే పక్కింటి ఆదెమ్మ గోడ మీంచి కేకేసింది. "వానొస్తోందర్రా! కాయలు ఎత్తండి!"

"ఎవరు పిన్నీ చెప్పింది?" అన్నాడు పానకాలు.

"వానొస్తోందర్రా! కాయలు ఎత్తండి!"

"పొద్దున ఏం కూర వండావు పిన్నీ?" అని పరీక్ష పెట్టాడు కోటిలింగం.

"నీ మొహం మండ! వానొస్తోందర్రా! కాయలు ఎత్తండి!"

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. పానకాలు తమ్ముడి చేతిలోని మీటలు లాక్కుని, గుమ్మంలోకొచ్చి ఆదెమ్మ వైపు తిప్పి నొక్కాడు. ఆమె ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు. నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

"పాపం, ఇన్నేళ్ళూ మనిషే అనుకున్నాం," అని లోపలికొచ్చి కూర్చున్నాడు.

ఇంకేముంది! వాన దబదబా కురిసింది. ముగ్గురూ పరుగెత్తి, పట్టాలతో, గంపలతో, చీరకొంగులతో కాయంతా ఇంట్లోకి చేరేశారు. చేరేసరికి సగం తడిసింది. పానకాలు గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని చూశాడు. నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇప్పుడు ఎండెక్కడ తెచ్చేదే?"

నాంచారమ్మ టీవీ కేసి చూసింది. అక్కడ మిట్టమధ్యాహ్నం. గుర్రం మీది మనిషి ఎండకు తాళలేక కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె టీవీ వెనక చెయ్యి పెట్టింది. "ఏమయ్యో! వెచ్చగా కాస్తోంది!"

అంతే! కాయంతా టీవీ ముందు పరిచారు. గుర్రం చెట్టు కింద నిలబడితే "నీడ పడుతోందిరా, పక్కకి తోలు!" అని పానకాలు గసిరాడు. కోటిలింగం గుర్రాన్ని బయలులోకి తోలి నిలబెట్టాడు. నాంచారమ్మ కాయలు తిరగేస్తోంది. ఘాటుకు ముగ్గురూ తుమ్మీ తుమ్మీ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎండ దెబ్బ," అన్నాడు పానకాలు తృప్తిగా. కాయ దక్కుతుందని ఆశ పుట్టింది.

ఇంతలో టీవీలో మబ్బు కమ్మింది. ఉరుము ఉరిమింది. గుర్రం మీది మనిషి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"వాన! వాన!" పానకాలు ఎగిరి లేచాడు. "ఒకసారి మోసపోయాం, రెండోసారి పోతామా! ఎత్తండి!"

ఇంకేముంది! ముగ్గురూ ప్రాణాలు అరచేత పట్టుకుని, ఒక్క కాయ మిగలకుండా గంపలకెత్తి, బయట జోరున కురుస్తున్న వానలో, మడమల్లోతు నీళ్ళలో, కల్లం నిండా పరిచేశారు. కాయలు తేలుతూ కాలువ దారి పట్టాయి.

పానకాలు మొహం మీద కారుతున్న నీళ్ళు తుడుచుకుని, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒరే కోటిలింగం, నువ్వు లోపలికి పోయి కూర్చో. అక్కడ వాన వెలవగానే కేకెయ్యి, మళ్ళీ తెచ్చేద్దాం."