పాటల బిళ్ళకు నక్క తాళం

ఏటి అవతల అడవిలో కర్రెమ్మ అనే గేదెకు ఓ అలవాటు. చెవిన కోయిల పాట పడితేగాని పాలు చేపేది కాదు. తల్లికి పాట ఉంటేనే దూడకు పాలు!

పాటల బిళ్ళలు అమ్మేది నక్కబావ. ఈసారి కొత్తరకం తెచ్చాడు. పాత బిళ్ళ అరిగిపోయిందని కర్రెమ్మ ఒకటి కొనుక్కొచ్చి, పాటలు వాయించే తన పాత పెట్టెలో వేస్తే గుర్రుమంది తప్ప పాడితే ఒట్టు! దూడ పొదుగు కుమ్మి కుమ్మి, ఏడుస్తూ పడుకుంది.

మర్నాడు కర్రెమ్మ నక్క కొట్టుకెళ్ళింది. "ఈ బిళ్ళ పాడట్లేదు బావా."

"దొంగలు నకలు తీయకుండా తాళం వేశాను. నా కొత్త పెట్టెలోనే పాడుతుంది. అదీ కొనుక్కో వదినా!"

"దొంగలకా? ఆ గోరువంక కోయిలను ఒక్కసారి విని పాటంతా పాడేస్తోంది. దానికి లేని తాళం డబ్బిచ్చి కొన్న నాకా?"

నక్కబావ పళ్ళికిలించాడు.

కొట్టు పక్క చెట్టు మీంచి ఇదంతా విన్న కాకి మండిపడింది. "తిడితే వాడికి దున్నపోతు మీద వాన! రాళ్ళేద్దాం అక్కా!"

"మధ్యలో మా దున్నపోతుల్నెందుకే లాగుతావు! గోల చేస్తే వింత చూడ్డానికి జనం చేరతారు, వాడికి బేరం పెరుగుతుంది." కర్రెమ్మ నెమరేస్తూ ఆలోచించింది. "సంతలో కుండ కొనేముందు ఏం చేస్తావే?"

"ముక్కుతో కొట్టి చూస్తా. బొంగురుగా మోగితే అక్కడే దించేస్తా."

"అంతే. అదే చేద్దాం."

సంతనాడు ఎద్దు, గాడిద, మేక, ఇంకా చాలామంది పాత పెట్టెలు మోసుకొచ్చి నక్క కొట్టు ముందు వరస కట్టారు. ఎవరూ గొంతెత్తలేదు.

"కొత్త బిళ్ళ నా పెట్టెలో వాయించి చూపించు," అంది ఎద్దు. గుర్రు! "పగిలిన కుండ. నాకొద్దు."

గాడిద పెట్టెలోనూ గుర్రు! "నాకూ వద్దు."

"మీ పెట్టెలు పాతవి!" అన్నాడు నక్కబావ.

"నిరుడు నువ్వమ్మిన బిళ్ళ పాడుతోందిగా," అని మేక వేసి వినిపించింది. పగిలిన సరుకు వెనక్కి తీసుకోవడం సంత కట్టుబాటు. ముందే కొన్నవాళ్ళంతా బిళ్ళలు తిరిగిచ్చేశారు. వచ్చే బేరం కూడా అది చూసి పక్క దారి పట్టింది.

కోయిల కొమ్మ దిగొచ్చింది. "నా పాటను కాపాడతానని ఎవరి చెవినా పడనివ్వలేదా? తాళం తియ్యి, లేదా పాట తిరిగివ్వు!"

పొద్దువాలేలోపు తాళం ఊడింది. తాళం తీసిన బిళ్ళ పాత పెట్టెలో పాట మొదలెట్టగానే కర్రెమ్మ చేపింది, దూడ మూతి నిండా నురగ. అమ్ముడుపోని కొత్త పెట్టెల్లో నక్కబావ ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటున్నాడు.

కొనేచెయ్యి వెనక్కి పోతే, అమ్మేవాడి తాళం దానంతటదే ఊడుతుంది.