మూత రాని బరిణె

లోకనాథానికి పొద్దున్నే ఒళ్ళు మండిపోయింది. జమీందారుగారింట పెళ్ళికి కుంకుమ బరిణె కావాలని దివాణం మనిషి వస్తే, గురువు కూర్మాచారి గూట్లో ఎదురుగా ఉన్న లోకనాథం బరిణెను ముట్టుకోనైనా లేదు. వెనకనుంచి తోటి శిష్యుడు ఎల్లాజీ చేసిన, నగిషీ లేని బోసి బరిణె తీసి ఇచ్చి పంపేశాడు.

ఎల్లాజీ! ఏడాదికి పైగా నాన్చి ఒక్క బరిణె చేసిన మహానుభావుడు.

కుంఫిణీ దొరల కాలంలో విశాఖపట్నంలో ఏనుగు దంతాన్ని తరిమెన మీద గుండ్రంగా తిప్పి చెక్కేవాళ్ళు చాలామందే ఉండేవారు. అయినా లోకనాథం బరిణెలాంటిది ఎవరూ చెయ్యలేదు. దాని గోడ ఎంత పలచనంటే, లోపల దీపం పెడితే వెలుగు బయటికి కనిపించేది. మర మూత రెండు చుట్లు తిప్పితే మెత్తగా కూచునేది. అది దివాణంలో అడుగుపెడితే దాంతోపాటు తన పేరూ అడుగుపెట్టేది. తొమ్మిదేళ్ళ చాకిరీ ఇవాళ్టితో మట్టిగొట్టుకుపోయింది.

ముసలాడికి కడుపుమంట, అంతే. దంతపు దిమ్మను పైపైన గుండ్రం చేసి రంపపు పొట్టు కుండలో పాతెయ్యాలట. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాకే ఆఖరి ఉలి వెయ్యాలట. లోకనాథం తన దిమ్మను నెల తిరక్కుండానే బయటికి లాగాడు. శ్రావణమాసం ముసురులో బరిణె ముగించి గురువు ముందు పెట్టాడు. ఆయన మూత తిప్పి చూశాడు, గూట్లో పెట్టాడు. ఇప్పుడు వైశాఖం.

లోకనాథం ఉలులూ, పంచెలూ, తన వాటాకొచ్చిన రెండు పచ్చి దిమ్మలూ మూట కట్టుకుని వచ్చి గురువు ఎదట నిలబడ్డాడు.

"ఎల్లిపోతన్నాను. మధ్యాన్నం బండికి. నా పనికి మీ దగ్గర ఇలవ లేదు."

కూర్మాచారి తరిమెన ఆపి లేచాడు. గూట్లోంచి బరిణె తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఆ మనిషి ఇంకా ఈది మలుపు దాటుండడు. ఇది నువ్వే ఇచ్చి ఎల్లాజీది ఎనక్కి తే. మూత తీసి చూపించి మరీ ఇయ్యి."

లోకనాథం గుమ్మం దాకా పరిగెత్తాడు. ముందు తనే ఒకసారి చూసుకుందామని మూత తిప్పాడు. కదల్లేదు. పళ్ళు బిగబట్టి తిప్పాడు. కదల్లేదు. తొమ్మిదేళ్ళ ఉక్రోషమంతా వేళ్ళలోకి తెచ్చుకుని తిప్పాడు.

టప్పుమంది. అంచునుంచి అడుగుదాకా వెంట్రుకంత పగులు.

"శ్రావణంలో తిరిగిందండీ! మీ కళ్ళ ముందే తిరిగింది!" లోకనాథం అరిచాడు. "దొంగ దంతం! నమ్మించి నన్ను ముంచింది!"

గురువు బరిణె అందుకుని అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. ముసురులో గుండ్రంగా చేసింది ఈ ఎండలకి ఆరి కాస్త కోలగా సాగిందని వేలికి తెలుస్తోంది.

"ఏనుగు చచ్చిపోయిందని దీనికింకా తెలీదురా," అన్నాడు. వెళ్ళి తరిమెన ముందు కూచున్నాడు.

లోకనాథం గుమ్మంలోనే నిలబడిపోయాడు. కోపం ఎక్కడికీ పోలేదు. ఎవరిమీద పడాలో మాత్రం తెలియలేదు. చాలాసేపటికి లోపలికొచ్చి మూట విప్పాడు. రెండు దిమ్మల్నీ ఒకటొకటిగా, మోచెయ్యి మునిగేదాకా పొట్టు కుండలోకి దింపాడు.

"బండికి ఏళయిందిరా," అన్నాడు గురువు తలెత్తకుండానే.

"ఈ ఎండలూ, ఆపైన వానలూ ఎళ్ళనీండి," అన్నాడు లోకనాథం, ఇంకా కోపంగానే.