పెంటమ్మ వెనకాల పెళ్ళివారు

చీమలకింకా నడుం సన్నబడని రోజుల్లో ఒక పేడపురుగు ఉండేది. పేరు పెంటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని తల్లి ఆ పేరు పెట్టుకుంది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నా కథకు అడ్డు రాకండి.

పెంటమ్మ పేడను గుండ్రంగా ఉండ చేసి, దాని నడుమ గుడ్డు పెట్టింది. ఆ ఉండను మెత్తటి నేలలో పాతిపెడితేనే బిడ్డ దక్కుతుంది. అందుకని తల కిందికి పెట్టి, వెనక కాళ్ళతో ఉండను నెట్టుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ పొలం గట్టెక్కింది. పేడపురుగుల నడకే అంత.

అదే గట్టు మీదికి సీతాకోకచిలుక పెళ్ళి ఊరేగింపు వచ్చింది. ముందు పెళ్ళికూతురు, వెనక చుట్టాలు, చిట్టచివర కీచురాళ్ళ మేళం. అందరి రెక్కలూ పసుపు తాడుతో కట్టేశారు. పెళ్ళికి నడిచే వెళ్ళాలట. వెనక్కి తిరిగి చూడకూడదట, చూస్తే అశుభమట. గట్టేమో సన్నం, అటూ ఇటూ నీళ్ళు. పెంటమ్మను దాటే దారి లేదు. అంత గొప్ప ఊరేగింపూ పేడ ఉండ వెనకాల నత్తలా సాగింది.

మొదట మిడత మామ వచ్చాడు.

"ఏమ్మా, ఆ ఉండను నీళ్ళలోకి తోసేసి పక్కకు జరుగు. ముహూర్తం దాటిపోతోంది."

"ఇందులో నా బిడ్డ ఉంది. నా నడక ఇంతే" అంది పెంటమ్మ.

తర్వాత కందిరీగ పెద్దమ్మ ముక్కు మూసుకుని వచ్చింది.

"కనీసం అటు తిరిగైనా నడువు. పెళ్ళికూతురికి నీ మొహమే ఎదురవుతోంది."

"చూడలేకపోతే కళ్ళు మూసుకోమను. నా నడక ఇంతే."

ఆఖరికి పెళ్ళికూతురి మేనత్త వచ్చింది, తేనె కారే గొంతుతో.

"నీకు పుప్పొడి పూస్తాను, పుష్పవల్లి అని పిలుస్తాను. ఈ ఒక్క పూటకూ మాలాగా నడువమ్మా."

"నా పేరు పెంటమ్మ. నీ పుప్పొడి నాకొద్దు. నా నడక ఇంతే."

ఈ జవాబు చెప్పినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుంటుంది.

అంతలో మేళంలో ఒక కీచురాయి గొంతు ఆగిపోయింది. కాసేపటికి రెండోది. ఆ తర్వాత మూడోది. తాగి పడిపోయి ఉంటారని చుట్టాలు విసుక్కున్నారే గానీ ఒక్కరూ వెనక్కి చూడలేదు. అటువైపు మొహం ఉన్నది పెంటమ్మ ఒక్కదానికే. ఒక కోడి ఒక్కొక్కరినే పొడుచుకు తింటూ గట్టు వెంట వస్తోంది.

"మీ వెనక కోడి ఉంది" అంది పెంటమ్మ.

"మనచేత అశుభం చేయించాలని చూస్తోంది" అన్నాడు మిడత మామ.

పెంటమ్మ ఆగిపోయింది. ఉండను గట్టుకు అడ్డంగా పెట్టి నిలబడింది.

"మీరు వెనక్కి చూసేదాకా నేను కదలను."

పెద్దలు తిట్టారు. నెట్టారు. బతిమాలారు. పెంటమ్మ కదల్లేదు. చివరికి ఒళ్ళు మండి పెళ్ళికూతురే వెనక్కి తిరిగింది. తిరిగి, కెవ్వున అరిచింది.

అందరూ తాళ్ళు తెంచుకుని ఎగిరిపోయారు. పెంటమ్మకూ రెక్కలున్నాయి. ఎగిరితే బతికేది. కానీ ఆమె మట్టి తవ్వింది, ఉండను గుంటలోకి దించింది, పైన మట్టి కప్పింది. కప్పడం అయ్యేసరికి కోడి రానే వచ్చింది. పెళ్ళికూతురు గాల్లోంచి అంతా చూసింది. కోడికి ఉండ కనబడలేదు. పెంటమ్మ కనబడింది.

పెళ్ళికూతురు తన పెళ్ళి ఆపించింది. రోజూ వచ్చి ఆ మట్టి దగ్గర కూర్చుంది. వానలు పడ్డాక బిడ్డ బయటికొచ్చింది. అప్పుడు పెళ్ళి ఊరేగింపు మళ్ళీ కట్టారు.

"ముందు ఈ పిల్ల నడవాలి, తర్వాతే నేను" అంది పెళ్ళికూతురు. పెద్దలు పక్కకు జరిగి పిల్లకు దారిచ్చారు.

ఇప్పటికీ పురుగుల పెళ్ళిళ్ళలో అందరికన్నా ముందు పేడపురుగే నడుస్తుంది, ఉండ నెట్టుకుంటూ, వెనక్కి వెనక్కి. ఎంత ఆలస్యమైనా పక్కకు జరగమని ఎవరూ అనరు. ముహూర్తం దాటితే దాటనీ అంటారు.