దక్షిణ వాకిలి రాళ్లు

మేస్త్రి ఆస్బర్ట్ దగ్గర శిల్పం నేర్చిన పియర్స్ ఆ రోజు ఉలి నేలకేసి కొట్టాడు.

వాళ్లు పనిచేసిన, ఇవాళ ఆంగ్లికన్ క్రైస్తవులు ప్రార్థన చేసుకునే ఆ ఇంగ్లీషు పల్లె చర్చికి ఎనిమిది వందల ఏళ్లు. అప్పట్లో దాని దక్షిణ వాకిలికి మొన తేలిన కమాను కట్టి, చుట్టూ ద్రాక్షతీగ చెక్కడానికి పియర్స్‌కి నాలుగేళ్లు పట్టింది. గట్టిగా పదేళ్లు తిరక్కుండానే ఊరి దొరకి మనసు మారింది. వాకిలి ఇంకా ఎత్తుండాలట, నెత్తిన తన వంశచిహ్నం ఉండాలట. ఉన్నది పడగొట్టమన్నాడు. కొత్తొక వింత, పాతొక రోత. దొరల సంగతి వేరే చెప్పాలా!

"నా వల్ల కాదు మేస్త్రిగారూ. కన్నబిడ్డ గొంతు నులమమన్నట్టుంది. మీకేం తెలుస్తుంది, పోయేది మీ పని కాదుగా!"

ముసలాయన సుత్తి తెచ్చి చేతికిచ్చాడు.

"నువ్వే తియ్యి. పరాయివాడు తీస్తే ముక్కలు చేస్తాడు."

పియర్స్ ఏడుస్తూనే తీశాడు. ఆ కాలంలో గోడకి ఇటో వరస, అటో వరస రాళ్లు పేర్చి, నడుమ పాత రాళ్లూ సున్నమూ కూరేవారు. తీగ రాళ్లన్నీ దిగాక లోపల కూరినవి బయటపడ్డాయి. ఒకటి దొర్లి, పాత సున్నం పెచ్చులూడి వెల్లకిలా పడింది.

దాని మీద రెక్క విప్పుతున్న కొంగ ఉంది. ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. దాని వెనక మరొకటి, ఆ వెనక ఇంకొకటి. అన్నీ గుండ్రటి పాత కమాను రాళ్లే. అంత పని తన చేతికి ఎన్నడూ రాలేదని పియర్స్‌కి చూడగానే తెలిసిపోయింది.

"ఎవరు చెక్కారివి?"

"నేనే."

పియర్స్‌కి తన కమానుకి ముందు అక్కడున్న వాకిలి గుర్తొచ్చింది. దళసరి సున్నం పూతల కింద మొద్దులా కనిపించిన ఆ పాత వాకిలిని చూసి, "ఈ ముతక కమాను ఇంకా ఎందుకండీ?" అని దొర చెవిన వేసింది తనే. అప్పుడతనికి ఇరవై ఏళ్లు. ఎవరి పనితనమో అడగనైనా లేదు.

"మరి గోడలో కూరిందెవరు?"

"అదీ నేనే. నువ్వు పైన తీగ చెక్కుకుంటున్నావు. కింద నాకు రాళ్లు చాల్లేదు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే ఆగేవాడివా?"

ఆస్బర్ట్ మోకాళ్ల మీద కూర్చుని, కొత్త వాకిలి కోసం లేస్తున్న గోడ నడుమ సున్నం పరిచాడు. పరిచి చెయ్యి చాచాడు.

"నీ తీగ అందుకో. చెక్కిన వైపు లోపలికి."