గిట్టల్లేని వాడి హామీ

కొండకు ఈవల అడవిలో గన్నేరు అని ఒక దుప్పి ఉండేది. ఏదైనా కొత్త సంగతి చెవిన పడిందంటే చాలు, దానికి నెమరు కూడా సరిగ్గా సాగదు. పిల్ల పుట్టాకైనా కుదురుగా ఉంటుందని మందలో అందరూ అనుకున్నారు. ఎక్కడి కుదురు? కొండకు ఆవల చెరువులో గులాబీరంగు కొంగలు దిగాయనీ, ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతాయనీ ఓ కాకి చెప్పిపోయింది. అప్పట్నుంచీ గన్నేరుకు మేత సయించడం లేదు.

"మరి రెండో కాలు ఎక్కడ దాస్తాయి?" అని కనబడ్డ ప్రాణినల్లా అడిగింది. ఎవరికి తెలుసు?

చిక్కేమిటంటే, ఆవలి ఊళ్లలో పశువులకు గాలికుంటు తగిలింది. నోట్లో పుళ్లు, గిట్టల సందుల్లో పుళ్లు, ఆగకుండా చొంగ. పెద్దవైతే కుంటుకుంటూ చాలావరకు గట్టెక్కుతాయి. పాలు తాగే పిల్లలు మాత్రం ఉన్నట్టుండి కూలిపోతాయి. గన్నేరు పిల్ల ఇంకా పాలు మానలేదు.

అందుకే గన్నేరు ముసలి ఎద్దు దగ్గరికి వెళ్లింది. అది ఒకప్పుడు ఊళ్లో కాడి మోసి, తర్వాత అడవి పట్టింది. వయసులో ఉండగా ఆ జబ్బు పడి లేచింది కూడా.

"వెళ్లొద్దంటావా తాతా?"

"వద్దంటే మానేదానివైతే నా దాకా రావు. వెళ్లు. పశువులు నాకిన చోట నాకకు. మడుగుల్లో నీళ్లు తాగకు. ఎవరెంత ఆప్యాయంగా పలకరించినా ముక్కుకు ముక్కు ఆనించకు. తిరిగొచ్చాక పారే నీళ్లలో గిట్టలు కడుక్కుని, అదిగో ఆ బండ మీద అమావాస్య దాకా ఒంటరిగా ఉండు. జబ్బు ఒంట్లో చేరినా వెంటనే పైకి తేలదమ్మా."

"అంతవరకూ పిల్లను చూడకూడదా?"

"దూరం నుంచి చూసుకో."

గన్నేరు పిల్లను అక్కకు అప్పగించింది. అక్కకూ పాలున్నాయి, నోరూ ఉంది. బయలుదేరేదాకా తిడుతూనే ఉంది.

దారి చూపడానికి నక్క వచ్చింది. ఆ అడవిలో కొత్త చోట్లు తిప్పి చూపించడం దాని పని. ప్రతిఫలమేమీ అడగదు. ఊరికే తిప్పేవాణ్ణి చూసి ముందే అనుమానించాల్సింది, కానీ గన్నేరు మనసంతా కొంగల మీదే ఉంది.

సగం దారిలో చౌడు నేల వచ్చింది. ఎండకు ఉప్పు తెల్లగా పూసి ఉంది. అంత దూరం నడిచిన దుప్పికి అది కనబడితే నోరూరకుండా ఎలా ఉంటుంది?

"రుచి చూడు మరదలా. ఇది నాకకుండా వెళ్లినవాళ్లు లేరు" అంది నక్క.

"ఊరి పశువులు కూడా నాకుతాయా బావా?"

"నాకితే ఏం? ఆ జబ్బు ఎప్పుడో సర్దుకుంది. నన్ను చూడు. ఈ మట్టిలోనే పొర్లుతా, ఆ మడుగులోనే తాగుతా. నాకేమైనా అయిందా?"

నిజమే, నక్క నిగనిగలాడుతోంది. గన్నేరు తల వంచింది. నాలుక బయటికొచ్చింది. నక్క మెడ సాచి మరీ చూస్తోంది. అంతలో గన్నేరుకు తన మామూలు పిచ్చి పుట్టుకొచ్చింది.

"బావా, ఆ పుండు గిట్టల సందున ఎక్కడ మొదలవుతుందో చూపించవా? నీ కాలు ఇలా ఎత్తు."

నక్క ఏ ఆలోచనా లేకుండా కాలెత్తింది. మెత్తటి అరికాలు, నాలుగు గోళ్లు.

"నీకు గిట్టల్లేవే?"

"గిట్టలుంటే నక్కనెందుకవుతాను?"

"మరి ఈ జబ్బు నీకెలా వస్తుంది?"

నక్క చూపు పక్కకు తిప్పింది. "ఎండెక్కుతోంది, కానియ్యి త్వరగా" అని గొణిగింది.

గన్నేరు నాలుక లోపలికి లాక్కుంది. ఇంకాస్త ఉంటే ఆ ఉప్పుతో పాటు పిల్ల చావునూ ఇంటికి మోసుకుపోయేదాన్ని కదా అని వెనక్కి గెంతింది. నక్కతో ఇంకో మాట లేకుండా రాళ్ల మీదుగా, వాగు ఎగువ దారి పట్టుకుని ఒంటరిగా వెళ్లింది. కొంగలను చూసింది. రెండో కాలు పొట్ట కింది ఈకల్లో దాక్కుని ఉంది. చలికి అలా పెట్టుకుంటామని ఓ కొంగ చెప్పింది. గన్నేరు దూరం నుంచే తృప్తిగా చూసి వెనుదిరిగింది.

వాగులో గిట్టలు కడుక్కుని బండ ఎక్కింది. ఊట నీళ్లు తాగింది, రాళ్ల సందుల్లో గడ్డి మేసింది. కింద పిల్ల అరిచినప్పుడల్లా పొదుగు సలిపింది. ఏడ్చింది గానీ దిగలేదు.

అడ్డదారిన ముందే వచ్చేసిన నక్క అది చూసి పెదాలు నాక్కుంది. మందకు దూరంగా ఒంటరిగా కూర్చుని ఏడుస్తోందంటే అంటుకున్నట్టే. అయినా దుప్పి తాపు ఎలా ఉంటుందో నక్కకు తెలుసు, పడిపోయాకే వెళ్లాలి. అలాగని లేచి వేరే వేటకు పోతే ఏ దుమ్ములగొండో వచ్చి ఎత్తుకుపోవచ్చు. నక్క బండ కిందే కాచుకుని కూర్చుంది. డొక్కలు లోపలికి పోయాయి, అయినా కదల్లేదు. పిల్లల వైపు వెళ్లే తీరికే దానికి దొరకలేదు.

అమావాస్య వెళ్లిన పొద్దున గన్నేరు బండ దిగింది. కుంటు లేదు, చొంగ లేదు. లేవడానికి ఓపిక లేని నక్క తలెత్తి చూసింది.

"నీకు జబ్బేమీ లేదా?"

"లేదు బావా."

"లేనిదానివి ఇన్నాళ్లూ అక్కడెందుకు కూర్చున్నావు?"

"లేదని తేలడానికి" అని గన్నేరు నక్క పక్కనుంచే నడిచి పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

జబ్బు తిరిగే సీమకు వెళ్లేవాళ్లు ఆ జబ్బు తగిలే వాడి మాట వినాలి గానీ, ఎప్పటికీ తగలని వాడిది కాదు.